సౌర తుపానుకు భూమి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది?

1972 ఆగస్టు 4న ఉత్తర వియత్నాం తీరంలోని హోన్ లా సమీపాన ఎగురుతున్న అమెరికా విమాన సిబ్బందికి ఒక వింత దృశ్యం కనిపించింది. కింద సముద్రంలో అర నిమిషం వ్యవధిలో సుమారు రెండు డజన్ల పేలుళ్లు వరుసగా సంభవించాయి. అవి అమెరికా నౌకాదళమే అక్కడ అమర్చిన సముద్ర మందుపాతరలు. ఓడ ఉక్కు దేహం దగ్గరకు వచ్చినప్పుడు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రంలో కలిగే మార్పును పసిగట్టి పేలేలా వాటిని తయారుచేశారు. ఆ రోజు ఆ మార్పును కలిగించింది ఓడ కాదని, సూర్యుడని దర్యాప్తు జరిపిన అధికారులు కొద్ది రోజుల్లోనే నిర్ధారణకు వచ్చారు.

సూర్యుడి నుంచి విడివడిన ఒక ప్లాస్మా మేఘం 14.6 గంటల్లోనే భూమిని చేరింది. ఇటువంటి మేఘాలకు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సౌర తుపానుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అందరూ గుర్తుచేసే 1859 నాటి కారింగ్టన్ సంఘటనలో సైతం ఆ ప్రయాణానికి 17 గంటలకు పైగా పట్టింది. అంటే 1972 నాటి మేఘానిదే ఇప్పటికీ వేగంలో రికార్డు.

విచిత్రం ఏమిటంటే, ఇంత వేగంగా వచ్చి ఢీకొన్న ఆ మేఘం లేపిన భూ అయస్కాంత తుపాను మాత్రం అంత పెద్దది కాదు. తుపాను తీవ్రతను కొలిచే డీఎస్‌టీ సూచీ ఆ రోజు సుమారు మైనస్ 125 నానోటెస్లాల వద్దే ఆగిపోయింది. 1989 మార్చిలో అంతకంటే నెమ్మదిగా వచ్చిన మేఘాల ధాటికి అదే సూచీ మైనస్ 589కి దిగజారింది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో విద్యుత్ గ్రిడ్ రెండు నిమిషాలలోపే కుప్పకూలి, 60 లక్షల మంది సుమారు 9 గంటల పాటు చీకట్లో గడిపారు.

వేగంగా వచ్చినది తక్కువ నష్టం చేసి, నెమ్మదిగా వచ్చినది ఎక్కువ నష్టం ఎందుకు చేసింది? శాస్త్రవేత్తల సమాధానం ఒక్క మాటలో చెప్పాలంటే: దిక్కు. 1972 నాటి మేఘం తనతో మోసుకువచ్చిన అయస్కాంత క్షేత్రం ప్రధానంగా ఉత్తర ముఖంగా ఉంది. అది భూమి తలుపును బలంగా బాదింది. ఆ కుదుపుకే మందుపాతరలు పేలాయి. కానీ తలుపు పెద్దగా తెరుచుకోలేదు. ఆ తలుపు తెరుచుకునే ప్రక్రియకు భౌతికశాస్త్రం పెట్టిన పేరు అయస్కాంత పునఃసంధానం.

సరిహద్దు వద్ద ఏముంది?

సూర్యుడి నుంచి విద్యుదావేశ కణాలు అన్ని దిశల్లోనూ ఎడతెగకుండా వెలువడుతుంటాయి. ఇదే సౌర పవనం. దీని వేగం సాధారణంగా సెకనుకు 400 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఈ ప్రవాహం భూమి అయస్కాంత క్షేత్రానికి ఎదురై, దానిని ఒకవైపు నొక్కి, మరోవైపు పొడవైన తోకలా సాగదీస్తుంది. ఇలా మలిచిన ఆవరణకే అయస్కాంతావరణం అని పేరు. సూర్యుడికి ఎదురుగా ఉన్న వైపు దాని హద్దు భూమి కేంద్రం నుంచి సుమారు 10 భూ వ్యాసార్ధాల దూరంలో, అంటే 60 వేల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సౌర పవనం బలపడితే ఈ హద్దు లోపలికి జరుగుతుంది. 1972లో అది 5 భూ వ్యాసార్ధాలకన్నా దగ్గరకు వచ్చిందని అంచనా.

ఈ హద్దు వద్ద ఉండే క్షేత్రాలు మనం ఊహించుకునేంత బలమైనవి కావు. భారతదేశంలో నేల మీద భూ అయస్కాంత క్షేత్రం దాదాపు 40 వేల నానోటెస్లాలు. హద్దు దగ్గరకు వెళ్లేసరికి అది కొన్ని పదుల నానోటెస్లాలకు పడిపోతుంది. సౌర పవనం మోసుకొచ్చే క్షేత్రమైతే మామూలు రోజుల్లో 5 నానోటెస్లాలే.

ఇంత పలుచని క్షేత్రాలు అంత వేగంగా వచ్చే కణాలను ఎలా ఆపుతున్నాయన్న ప్రశ్నకు ప్లాస్మా స్వభావంలో జవాబు ఉంది. ప్లాస్మా అత్యుత్తమ విద్యుద్వాహకం. అటువంటి పదార్థంలో కణాలూ అయస్కాంత బలరేఖలూ ఒకదానినొకటి విడవకుండా కలిసి కదులుతాయి. పూలదండను ఊహించుకోండి. పూలు దారం వెంట అటూ ఇటూ జరగగలవు కానీ, ఈ దండలోని పువ్వు పక్కనున్న దండలోకి దూకలేదు. సౌర ప్లాస్మా సూర్యుడి దారాలపై గుచ్చిన పూలు. అయస్కాంతావరణంలోని ప్లాస్మా భూమి దారాలపై గుచ్చిన పూలు. రెండు దండలూ ఎంత ఒత్తుకున్నా కలవవు. వాటి మధ్య ఒక పలుచని విద్యుత్ ప్రవాహపు పొర మాత్రం ఏర్పడుతుంది. సిడ్నీ చాప్‌మన్, విన్సెంజో ఫెరారో 1930ల ఆరంభంలో ప్రతిపాదించిన చిత్రం దాదాపు ఇదే. ఆ చిత్రం ప్రకారం భూమి ఒక మూసిన కోట.

కోట నిజంగా మూసే ఉంటే ధ్రువకాంతులు, అయస్కాంత తుపానులు ఇంత తరచుగా రావడానికి వీల్లేదు.

దారాలు తెగి, మారుముడి పడితే

సూర్యుడికి ఎదురుగా ఉన్న హద్దు వద్ద భూమి బలరేఖలు దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతాయి. ఎదురుగా వచ్చే సౌర క్షేత్రం కూడా ఉత్తర ముఖంగానే ఉంటే రెండూ పక్కపక్కన ఒరుసుకుపోతాయి. అదే దక్షిణ ముఖంగా ఉంటే, పరస్పరం వ్యతిరేక దిశల్లో ఉన్న రెండు క్షేత్రాలు ఒకే పలుచని పొరకు ఇరువైపులా నిలుస్తాయి. సౌర పవనం వెనుక నుంచి తోస్తున్నకొద్దీ ఆ పొర ఇంకా పలుచబడుతుంది. ఒక దశలో కణాలు ఇక బలరేఖలను అంటిపెట్టుకొని ఉండలేవు. ఆ చిన్న చోట దండ నియమం చెల్లదు. సూర్యుడి దారం, భూమి దారం తెగి, ఒకదాని కొస మరొకదాని కొసతో ముడిపడుతుంది. ఇప్పుడు ఒక చివర భూమిలో, మరో చివర అంతరిక్షంలో ఉండే కొత్త బలరేఖలు రెండు పుడతాయి. బాగా సాగదీసి వదిలిన రబ్బరు పట్టీలా అవి వంపు నుంచి నిటారుగా అయ్యే ప్రయత్నంలో ప్లాస్మాను సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో ఇరువైపులకూ విసురుతాయి. అయస్కాంత క్షేత్రంలో దాగిన శక్తి కణాల వేగంగానూ, వేడిగానూ మారేది ఇక్కడే.

బలరేఖలు నిజమైన దారాలు కావన్నది గుర్తుంచుకోవాలి. అవి క్షేత్రం దిశను చూపేందుకు మనం గీసుకున్న గీతలు. తెగడం, ముడిపడడం అన్నవి ఆ గీతల అమరిక మారిందని చెప్పే సులువైన పద్ధతి.

పేరు గురించి కూడా ఒక మాట. పునఃసంధానం అన్నప్పుడు ఒకప్పుడు కలిసి ఉండి విడిపోయినవి తిరిగి కలిశాయన్న అర్థం స్ఫురిస్తుంది. ఇక్కడ కలుస్తున్నవి మునుపెన్నడూ కలవనివి. అర్థం రీత్యా ‘మారుముడి’ అన్న మాట దీనికి దగ్గరగా ఉంటుంది. అయితే, సంధి అంటే కలయికే కాదు, వైరి పక్షాల మధ్య ఒడంబడిక కూడా. ఎదురెదురు దిశల్లో నిలిచిన క్షేత్రాలు మాత్రమే బాగా కలుస్తాయి కనుక, పునఃసంధానం అన్న మాటకు ఆ విధంగా ఒక సార్థకత ఉంది.

తెరుచుకున్న బలరేఖలు అక్కడే ఉండిపోవు. సౌర పవనం వాటి బయటి కొసలను పట్టుకొని ధ్రువాల మీదుగా రాత్రి వైపుకు లాక్కుపోతుంది. తోకలో అవి పోగుపడి, మళ్లీ ఒకదానికొకటి ఎదురై, అక్కడ మరోసారి పునఃసంధానం జరుగుతుంది. అప్పుడు భూమి వైపు విసురుగా వచ్చే కణాలే చాలావరకు ధ్రువకాంతులకు, భూమి చుట్టూ వలయాకారంగా ప్రవహించే విద్యుత్తుకు మూలం. ఆ వలయ విద్యుత్తు బలపడినప్పుడు నేల మీది క్షేత్రం తగ్గుతుంది. డీఎస్‌టీ సూచీలోని మైనస్ గుర్తుకు అర్థం ఇదే. ఈ చక్రం ఒకసారి తిరగడానికి భూమి దగ్గర సుమారు ఒక గంట పడుతుంది. బలహీనమైన క్షేత్రం గల బుధ గ్రహం దగ్గర రెండు నిమిషాలు చాలునని మెసెంజర్ వ్యోమనౌక పరిశీలనల్లో తేలింది.

సౌర క్షేత్రం ఉత్తర ముఖంగా ఉన్నంతమాత్రాన తలుపు పూర్తిగా బిగుసుకుపోదు. ధ్రువాలకు ఆవల, తోక మొదలయ్యే చోట అప్పుడు కూడా కొంత పునఃసంధానం జరుగుతుంది. కాకపోతే లోపలికి వచ్చే శక్తి చాలా తక్కువ. అలాగే మార్చి, సెప్టెంబరు నెలల్లో, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులకు అటూ ఇటూగా, తుపానులు ఎక్కువగా వస్తాయన్నది పాత పరిశీలన. భూమి వంపు వల్ల ఆ కాలంలో సౌర క్షేత్రానికి భూమి దృష్ట్యా దక్షిణ ముఖం ఎక్కువగా లభిస్తుందని 1973లో క్రిస్టఫర్ రస్సెల్, రాబర్ట్ మెక్‌ఫెరాన్ వివరించారు. ఇక్కడా తేల్చేది దిక్కే.

ఊహ నుంచి కొలత దాకా

ఈ ఆలోచన మొదట భూమి గురించి రాలేదు. సౌర జ్వాలలు ఎలా పుడతాయన్న ప్రశ్నతో 1940లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రొనాల్డ్ జొవనెల్లి, అయస్కాంత క్షేత్రాలు ఒకదానినొకటి రద్దు చేసుకునే బిందువుల వైపు దృష్టి సారించారు. కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడ్ హాయిల్ వద్ద పరిశోధన చేసిన జేమ్స్ డంగీ దానిని భూమికి అన్వయించారు. 1961లో ఆయన ప్రచురించిన రెండు పేజీల పత్రంలో పైన చెప్పిన చక్రమంతా ఉంది. దక్షిణ ముఖంగా ఉన్న సౌర క్షేత్రమే భూమిని తెరుస్తుందన్న ఆయన మాటకు 1966లో తొలి ఆధారం లభించింది. ఎక్స్‌ప్లోరర్ 12 ఉపగ్రహ సమాచారాన్ని పరిశీలించిన డొనాల్డ్ ఫెయిర్‌ఫీల్డ్, లారెన్స్ కాహిల్, క్షేత్రం దక్షిణానికి తిరిగినప్పుడే నేల మీద అలజడి కనిపిస్తోందని చూపారు.

అయితే లెక్కలు ఇబ్బంది పెట్టాయి. 1950ల చివర్లో పీటర్ స్వీట్, యూజీన్ పార్కర్ రూపొందించిన తొలి సిద్ధాంతం ప్రకారం ఈ ప్రక్రియ మరీ నెమ్మదిగా సాగాలి. నిమిషాల్లో చెలరేగే సౌర జ్వాలను వివరించడానికి ఆ లెక్క ఏ మాత్రం సరిపోలేదు. 1964లో హ్యారీ పెచెక్ వేగవంతమైన మార్గాన్ని సూచించినా, అసలు చిక్కు మిగిలే ఉంది. కణాలు ఒకదానితో ఒకటి దాదాపు ఢీకొనని ఆ శూన్యంలో దారాన్ని తెంపేది ఏది?

దీనికి జవాబు అక్కడికి వెళ్లి చూస్తే తప్ప దొరకదు. 1977లో ప్రయోగించిన ఐఎస్‌ఈఈ జంట ఉపగ్రహాలు హద్దు వద్ద ప్లాస్మా జెట్‌లను కొలిచి, పునఃసంధానం జరుగుతున్నట్లు 1979లో రుజువు అందించాయి. ఆ తరువాత ఐరోపా అంతరిక్ష సంస్థ నాలుగు ఉపగ్రహాల క్లస్టర్ యాత్రను సిద్ధం చేసింది. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తన తొలి ప్రయోగంలోనే పేలిపోవడంతో నాలుగూ నాశనమయ్యాయి. మళ్లీ నిర్మించి 2000లో పంపారు. నాలుగు ఎందుకంటే, హద్దు తాను కూడా సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతుంటుంది. ఒక్క ఉపగ్రహం ఉంటే, మారింది కాలమా, స్థలమా అన్నది తెలుసుకోలేం.

ప్రశ్నను తేల్చే దిశగా పెద్ద అడుగు వేసింది నాసా. 2015 మార్చిలో అది పంపిన ఎంఎంఎస్ యాత్రలో కూడా నాలుగు ఉపగ్రహాలే. త్రికోణ పీఠం గల పిరమిడ్ ఆకారంలో, ఒకదానికొకటి కొద్ది కిలోమీటర్ల దూరంలో అవి ఎగురుతాయి. ఒక దశలో ఆ దూరాన్ని 7 కిలోమీటర్ల వరకు తగ్గించారు. భూమికి 70 వేల కిలోమీటర్లకు పైగా ఎత్తున ఇంత దగ్గరగా ఎగరడం సామాన్య విషయం కాదు. అంత దగ్గరగా ఎందుకంటే, హద్దు వద్ద అయాన్లు బలరేఖలను విడిచిపెట్టే ప్రాంతం వెడల్పు పదుల కిలోమీటర్లు; ఎలక్ట్రాన్లు విడిచిపెట్టే ప్రాంతం ఒకటి రెండు కిలోమీటర్లే. ఉపగ్రహం దానిని సెకను కంటే తక్కువ వ్యవధిలో దాటేస్తుంది. ఎంఎంఎస్ పరికరాలు ప్రతి 30 మిల్లీసెకన్లకు ఒకసారి ఎలక్ట్రాన్లను కొలుస్తాయి. మునుపటి యాత్రల కంటే ఇది సుమారు 100 రెట్లు వేగం.

2015 అక్టోబరు 16న ఈ ఉపగ్రహాలు సరిగ్గా ఆ చోటు మీదుగా వెళ్లాయి. అక్కడి ఎలక్ట్రాన్ల వేగాలను పటంగా గీస్తే నెలవంక ఆకారం కనిపించింది. హద్దుకు రెండు వైపులా ఉన్న ఎలక్ట్రాన్లు అక్కడ కలిసిపోతున్నాయని, దారాన్ని తెంపడంలో ప్రధాన పాత్ర ఎలక్ట్రాన్ల కదలికలదేనని దీని అర్థం. జేమ్స్ బర్చ్ నేతృత్వంలోని బృందం ఈ ఫలితాన్ని 2016లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. గ్రహం అంత పెద్ద ఆవరణ తలుపును తెరిచే తాళం ఒక చిన్న పల్లె పొలిమేరంత చోటులో ఉందన్న మాట.

ధ్రువాలకు దూరంగా ఉన్న మనకేమిటి?

ధ్రువకాంతులు కనిపించని దేశానికి ఈ తలుపుతో పని లేదనుకోవడం పొరపాటు. 1859 సెప్టెంబరులో కారింగ్టన్ తుపాను తాకినప్పుడు బొంబాయిలోని కొలాబా వేధశాలలో భూ క్షేత్రం సమాంతర భాగం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయింది. సిబ్బంది పరికరాలను కంటితో చూసి చేత్తో రాసుకున్న అంకెలవి. ఆ తుపాను తీవ్రతను అంచనా వేయడానికి ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు నేటికీ ఆ పుస్తకాలనే ఆశ్రయిస్తున్నారు. ఈనాడు తెలంగాణలో హైదరాబాద్‌లోనూ, చౌటుప్పల్‌లోనూ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన అయస్కాంత వేధశాలలు ఇదే పనిని నిరంతరం చేస్తున్నాయి.

హద్దు తెరుచుకోగానే ధ్రువాల వద్ద పుట్టే విద్యుత్ క్షేత్రం అక్కడే ఆగిపోదు. కొద్ది నిమిషాల్లోనే అది అయస్కాంత భూమధ్యరేఖ వరకు చొచ్చుకువస్తుంది. ఆ రేఖ భారతదేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. అక్కడి ఆకాశంలోని అయనావరణాన్ని ఆ క్షేత్రం పైకి ఎత్తుతుంది, లేదా కిందికి నొక్కుతుంది. జీపీఎస్ సంకేతాలు ఆ పొరను దాటి రావాలి కనుక స్థాన నిర్ధారణలో తప్పులు పెరుగుతాయి. విద్యుత్ గ్రిడ్‌ల పరంగా కెనడా, స్వీడన్‌ల కంటే మన ముప్పు తక్కువ. ఉపగ్రహాల పరంగా అటువంటి భరోసా లేదు. 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు తుపానుకే పై వాతావరణం ఉబ్బి, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో సుమారు 40 కూలిపోయాయి.

2024 మే 10, 11 తేదీల్లో 2003 తరువాత అత్యంత తీవ్రమైన తుపాను వచ్చింది. వరుసగా వచ్చిన అనేక మేఘాల్లో క్షేత్రం గంటల తరబడి బలంగా దక్షిణ ముఖంగా ఉండిపోయింది. లద్దాఖ్‌లోని హాన్లే వేధశాల కెమెరాలు ఆ రాత్రి ఆకాశంలో ఎర్రని వెలుగును చిత్రీకరించాయి.

మన దేశపు మరో పరిశీలన గురించి చెప్పాలి. ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగశాల 2015 జూన్ 22న రెండు గంటల పాటు మ్యువాన్ కణాల ఉప్పెనను నమోదు చేసింది. పునఃసంధానం కారణంగా భూమి అయస్కాంత కవచం తాత్కాలికంగా బలహీనపడిందని ఆ బృందం 2016లో ప్రతిపాదించింది. దానినే చాలా పత్రికలు ‘భూమి కవచానికి పగులు’ అన్నాయి. శీర్షికకు ఆ మాట బాగుంటుంది కానీ, అసలు విషయాన్ని దాచేస్తుంది. పగులు అంటే వస్తువు పాడైనట్లు. ఈ తలుపు రోజూ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, ఏదీ విరగదు. కవచం అన్న ఉపమానం కూడా అంతే. కవచానికి బాణం బలం ముఖ్యం. ఇక్కడ బాణం ఏ దిక్కు చూస్తోందన్నది అంతకన్నా ముఖ్యం.

హెచ్చరికకు మిగిలే వ్యవధి

అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. సూర్యుడి నుంచి మేఘం బయలుదేరడాన్ని దూరదర్శినులు చూడగలవు. దాని వేగాన్ని, చేరే సమయాన్ని గంటల తేడాతో అంచనా వేయగలుగుతున్నారు. కానీ దాని లోపలి క్షేత్రం ఉత్తరానికి ఉందా, దక్షిణానికి ఉందా అన్నది దూరం నుంచి కనబడదు. మేఘం ఏదైనా వ్యోమనౌకను తాకితే తప్ప తెలియదు. అటువంటి వ్యోమనౌకలు ఉండే చోటు భూమికి సూర్యుడి వైపున 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న ఆ బిందువు చుట్టూ ఉన్న కక్ష్యకు చేరింది. దాని ఏడు పరికరాల్లో ఒకటి 6 మీటర్ల పొడవైన కడ్డీపై అమర్చిన అయస్కాంత మాపకం. కరోనాను చిత్రించే పరికరంతో పోలిస్తే దీనికి ప్రచారం తక్కువే. కానీ వచ్చే మేఘం ఏ దిక్కు చూస్తోందో చెప్పేది అదే.

అది చెప్పిన తరువాత మిగిలే సమయం ఎంత? సెకనుకు 400 కిలోమీటర్ల సౌర పవనానికి ఆ 15 లక్షల కిలోమీటర్లు దాటడానికి సుమారు గంట పడుతుంది. 800 కిలోమీటర్లయితే అరగంట. 1972 నాటి మేఘం సగటు వేగంతో లెక్కిస్తే 10 నిమిషాలు కూడా ఉండవు. గ్రిడ్‌పై భారం తగ్గించాలా, ఉపగ్రహాన్ని సురక్షిత స్థితిలో పెట్టాలా, ధ్రువ మార్గంలోని విమానాన్ని మళ్లించాలా అన్న నిర్ణయాలు ఆ లోపే జరగాలి. అందుకే సూర్యుడి ఉపరితలంపై క్షేత్రం ఏ విధంగా మెలితిరిగి ఉందో చూసి, మేఘం దిక్కును ఒక రోజు ముందుగానే ఊహించే పద్ధతులపై పరిశోధకులు శ్రమిస్తున్నారు. మేఘం దారిలో తిరగబడుతుంది, ఇతర మేఘాలతో పెనవేసుకుంటుంది. ఆ ఊహలు ఇంకా ఆధారపడదగిన స్థాయికి రాలేదు.

దిక్కు తెలిసినా మరో ప్రశ్న మిగిలి ఉంటుంది. తలుపు ఒకసారి తెరుచుకుంటే అలాగే తెరిచి ఉంటుందా, లేక మాటిమాటికీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుందా? లేక ఒకే సమయంలో హద్దు పొడవునా అనేక చోట్ల తెరుచుకుంటుందా? 2025 జులై 23న నాసా ప్రయోగించిన ట్రేసర్స్ జంట ఉపగ్రహాల లక్ష్యం దీనిని తేల్చడమే. అవి హద్దు దగ్గరకు వెళ్లవు. బలరేఖలు గరాటులా భూమి వైపు దిగే ధ్రువ ప్రాంతం మీదుగా, తక్కువ ఎత్తులో, ఒకదాని వెనుక ఒకటి కొద్ది సెకన్ల నుంచి రెండు నిమిషాల తేడాతో సాగేలా వాటిని రూపొందించారు. పైన జరిగిన ప్రతి పునఃసంధానం కిందికి పంపే కణాల వాన అక్కడ పడుతుంది. మొదటి ఉపగ్రహం చూసిన వాన రెండోది వచ్చేసరికి అలాగే ఉందా, మారిందా అన్న తేడాను బట్టి తలుపు తీరు తెలుస్తుంది.